ఎందుకు కొట్టాడని అడగకండి

పొయ్యి మీద ఏదన్నా పెట్టి ఉంటే మంట తగ్గించి రండి. ఓ ఇరవై నిమిషాలు మాట్లాడుకుందాం.

పొయ్యి మాట వచ్చింది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. ఇంట్లో గ్యాస్ వాసన. ఇల్లంతా చీకటి. అప్పుడు చెయ్యి దేని మీదికి పోతుంది? లైటు స్విచ్ మీదికి. ఏమైందో చూద్దామనే కదా. ఉద్దేశం మంచిదే. కానీ ఆ స్విచ్ వేస్తే ఏమవుతుందో సిలిండర్ మోసుకొచ్చే అబ్బాయిని అడిగినా చెప్తాడు. స్విచ్ ముట్టుకోకూడదు. కిటికీలు తెరవాలి. రెగ్యులేటర్ కట్టేయాలి. పిల్లల్ని బయటికి తీసుకుపోవాలి. పొయ్యి ఎవరు కట్టెయ్యకుండా వదిలేశారు అనే పంచాయితీ తెల్లారాక పెట్టుకోవచ్చు.

ఇవాళ నేను మాట్లాడేది ఈ స్విచ్ గురించే. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి వచ్చి మన ఎదురుగా కూర్చుంటుంది. మన నోట్లోంచి ఒక ప్రశ్న అలవాటుగా వచ్చేస్తుంది. "ఎందుకు కొట్టాడు?" అదే ఆ స్విచ్. ఉద్దేశం మంచిదే. కానీ ముట్టుకోకూడదు.

మన ఎదురుగా అంటున్నాను. ఎవరం మనం? అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, సఖి కేంద్రంలో కౌన్సెలర్లు, గృహహింస చట్టం కింద నియమించే రక్షణ అధికారి ఆఫీసులో పనిచేసేవాళ్లు, ఆస్పత్రిలో కట్టు కట్టే నర్సమ్మలు. నేను ఇలాంటివాళ్లకి శిక్షణ ఇస్తుంటాను. అంతకుముందు చాలా ఏళ్లు ఒక కుటుంబ సలహా కేంద్రంలో కూర్చున్నాను. ఈ రేడియో వినేవాళ్లలో ఈ ఉద్యోగాలు చెయ్యనివాళ్లే ఎక్కువని తెలుసు. అయినా వినండి. పక్కింటి అమ్మాయి ముందు మీ గుమ్మంలోకే వస్తుంది. ఆఫీసుకి వచ్చేది ఆ తర్వాతే. చాలామంది అసలు రారు.

ఎంతమంది రారో చెప్తాను. 2019 నుంచి 2021 దాకా మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. పెళ్లయిన ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడిగారు. ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింస పడ్డామన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది. తెలంగాణలో దాదాపు 37 మంది. ఇక దేశం మొత్తం మీద దెబ్బలో లైంగిక హింసో పడ్డవాళ్లలో, ఎవరినైనా సాయం అడిగినవాళ్లు నూటికి 14 మందే. నూటికి 77 మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. తల్లికి కూడా.

అంటే మన కుర్చీ దాకా వచ్చిన మనిషి చాలా దూరం నడిచి వచ్చిందన్నమాట. ఆమెతో మనం మాట్లాడే మొదటి మాట ఏమిటన్నది చిన్న సంగతి కాదు.

మొన్నామధ్య ఒక మండల కేంద్రంలో శిక్షణ. ముప్పై మంది వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. నేను పాఠం ఎత్తుకోలేదు. ఇద్దర్ని ముందుకు పిలిచాను. ఒకావిడ దెబ్బలు తిన్న ఇల్లాలు. రెండో ఆవిడ ఆఫీసులో ఉద్యోగి. నాటకమే అనుకోండి. ఉద్యోగి వేషం వేసినావిడకి నిజంగానే పదిహేనేళ్ల సర్వీసుంది. మంచి మనిషి. వచ్చినావిడకి కుర్చీ చూపించింది, మంచినీళ్లిచ్చింది. తర్వాత మొదటి మాట, "ఏమ్మా, ఎందుకు కొట్టాడు?"

నేను వాచీ చూస్తున్నాను. అర నిమిషం కూడా కాలేదు.

ఇల్లాలు తల దించుకుని, "కూర చల్లారిపోయిందని" అంది. వెంటనే ఈవిడ, "మరి కూర వేడి చేసి పెట్టొచ్చు కదమ్మా!"

హాలంతా ఘొల్లుమంది. నవ్విన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అందరికీ ఒకేసారి అర్థమైంది. మేమూ ఇదే అంటాం కదా అని. నేను ఆపలేదు, కానివ్వమన్నాను. మూడో నిమిషానికల్లా "పిల్లల మొహం చూసి సర్దుకుపో తల్లీ" దగ్గరికి వచ్చేశాం.

అయిపోయాక ఇల్లాలి వేషం వేసినావిడని అడిగాను, ఎలా అనిపించిందని. ఆవిడేమందంటే, "వేషమే కదా మేడమ్. అయినా సిగ్గేసింది. నిజంగా కూర నేనే చూసుకోలేదేమో అనిపించింది."

చూశారా? లేని కూర. లేని మొగుడు. అయినా తప్పు తన మీదికే వచ్చింది. ఒక్క ప్రశ్నతో.

"ఎందుకు" అని అడగ్గానే ఆమె చెవికి అది "నువ్వేం చేశావు" అని వినిపిస్తుంది. ఆమె ఏదో ఒక కారణం వెతికి చెప్తుంది. కూర చల్లారిందనో, ఫోను ఎత్తలేదనో, పుట్టింటికి వెళ్తానన్నాననో. కారణం చేతికి దొరికితే మనం ఊరుకుంటామా? దాన్ని బాగుచెయ్యడానికి దిగుతాం. కూర వేడిగా పెట్టు, ఫోను దగ్గర పెట్టుకో. మర్నాడు కూర వేడిగానే ఉంటుంది. నోరు కాలిందని కొడతాడు.

ఈ మాట నా సొంత తెలివి కాదు. చట్టంలోనే ఉంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. దానితోపాటే నియమాలు వచ్చాయి. కౌన్సెలింగ్ ఎలా చెయ్యాలో 14వ నియమం చెప్తుంది. అందులో ఒక మాట ఉంది. నన్నడిగితే ప్రతి కౌన్సెలర్ గదిలోనూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాల్సిన మాట. కొట్టినవాడు, నేను ఇందుకు కొట్టాను అని సమర్థించుకోవడానికి కౌన్సెలింగ్‌లో చోటు లేదు. ఈ సంగతి మొదలుపెట్టకముందే అతనికి చెప్పాలి కూడా. అంటే "ఎందుకు" అనే దారిని చట్టమే మూసేసింది. మనం పోయి ఆ తలుపు తీస్తున్నాం. అదీ కొట్టినవాడి దగ్గర కాదు, దెబ్బలు తిన్నామె దగ్గర.

మరి "ఎందుకు" అని అడక్కపోతే ఏమని అడగాలి? అదీ చెప్తాను. అంతకంటే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఈ చట్టం రాకముందు సంగతి. సలహా కేంద్రంలో నేను కొత్త. ఒకమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. చేతికి గాజులు ఒకవైపే ఉన్నాయి. నేను అన్నీ అడిగాను. ఆమె అన్నీ చెప్పింది. ఓ నోటుబుక్కులో రాసుకున్నాను. నాలుగు రోజుల తర్వాత అతన్ని పిలిపించాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. బుక్కు తెరిచి, "నువ్వు ఇలా చేశావట కదా, అలా అన్నావట కదా" అని ఒక్కొక్కటే చదివాను. అతను ఎంత వినయంగా విన్నాడో చెప్పలేను. తప్పయిపోయిందన్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ అమ్మాయి నేల చూస్తూ కూర్చుంది. నేను దాన్ని సిగ్గనుకున్నాను. ఒక కాపురం నిలబెట్టానని ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడు నెలల తర్వాత బస్టాండులో కనిపించింది. నన్ను చూసి పక్కకి తప్పుకోబోయింది. నేనే వెళ్లి పలకరించాను. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మీకు చెప్పినవన్నీ ఆ రాత్రి మళ్లీ నాచేత చెప్పించాడు మేడమ్. మాటకొకటి చొప్పున."

మాటకొకటి చొప్పున. నేను చదివిన మాటలకి.

స్విచ్ వేసింది నేను. పేలింది ఆమె ఇల్లు.

అందుకే శిక్షణలో పదేపదే చెప్తాను. ఆమె అడక్కుండా అతనికి ఫోన్ చెయ్యకండి. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి విచారణ పెట్టకండి. ఎదురుగా అతనుంటే ఆమె నిజం చెప్పదు. చెప్తే, ఆ నిజానికి ఖరీదు రాత్రికి కడుతుంది. కౌన్సెలింగ్ మాట చట్టంలో 14వ సెక్షన్‌లో వస్తుంది. అదీ మెజిస్ట్రేటు ఆదేశిస్తేనే. అర్జీ పట్టుకుని వచ్చిన రోజే మొగుడికి కబురు పెట్టమని ఏ సెక్షనూ చెప్పలేదు.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నకి వస్తాను. వినండి. "ఇప్పుడు ఇంటికి వెళ్తే ఏం జరుగుతుందని నీకు భయం?"

మళ్లీ చెప్తాను. "ఇప్పుడు ఇంటికి వెళ్తే ఏం జరుగుతుందని నీకు భయం?"

"ఎందుకు" అన్నప్పుడు మనం వెనక్కి చూస్తున్నాం. ఇక్కడ ముందుకి చూస్తున్నాం. అక్కడ తప్పు ఎవరిదా అని లెక్క తీస్తున్నాం. ఇక్కడ ప్రమాదం ఎంతుందా అని చూస్తున్నాం. గ్యాస్ వాసన వచ్చినప్పుడు ముందు చూసేది అదే కదా.

ఆమె జవాబుని బట్టి ఇంకొన్ని అడగాలి. ఇవి అడగడానికి నోరు రాదు. అందుకే వీటికి శిక్షణ కావాలి. "గొంతు ఎప్పుడైనా పట్టుకున్నాడా?" ఇది తప్పకుండా అడగాలి. మన ఆడవాళ్లు "గొంతు నులిమాడు" అనరు. "మెడ పట్టుకున్నాడు" అని ఊరుకుంటారు. చాలాసార్లు పైకి గుర్తు కూడా కనపడదు. కానీ ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆ తర్వాత ప్రాణం పోయే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. అమెరికాలో జాక్వెలిన్ కాంప్‌బెల్ అనే నర్సు 1980లలోనే ఇలాంటి ప్రశ్నలతో ఒక కొలత తయారుచేశారు. చంపుతానన్నాడా? దెబ్బలు ఈ మధ్య ఎక్కువయ్యాయా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఇంట్లో ఆయుధం ఉందా? అక్కడ ఆయుధమంటే తుపాకీ. మన దగ్గర కత్తిపీట ఉంటుంది, పెట్రోలు సీసా ఉంటుంది, పురుగుల మందు డబ్బా ఉంటుంది.

పురుగుల మందు మాట ఇంకోరకంగా కూడా అడగాలి. "చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా?" ఇది అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. వచ్చాక ఆమెని ఒంటరిగా పంపకూడదు. టెలిమానస్ అని ఒక ఉచిత నంబరుంది, 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడతారు.

ఇంకో సంగతి. "అంత కష్టంగా ఉంటే వదిలేసి వచ్చెయ్యొచ్చు కదా!" అంటాం. ఇదీ "ఎందుకు" చెల్లెలే. ఎందుకు పడుతున్నావు అని. వదిలి వచ్చేసే రోజులే అన్నిటికంటే ప్రమాదమైన రోజులు. ఆమెకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే కదలదు. మనకది చేతకానితనంలా కనపడుతుంది.

ఇక రాయడం. రక్షణ అధికారి రాసే మొదటి కాగితాన్ని గృహ సంఘటన నివేదిక అంటారు. నియమాల్లో ఇది ఒకటో నంబరు ఫారం. కోర్టుకి వెళ్లేది ఇదే. దీన్ని ఎలా రాయాలో శిక్షణలో నేను టైలర్‌ని పెట్టి చెప్తాను. జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్తాం. టైలర్ ఏం చేస్తాడు? టేపు తీస్తాడు. భుజం ఇంత, నడుము ఇంత అని చీటీ మీద రాస్తాడు. "ఏంటమ్మా ఇంత లావయ్యావు, ఎందుకు?" అని అడుగుతాడా? అడిగితే రెండోసారి ఆ కొట్టుకి వెళ్తామా? అతనికి కావలసింది కొలత. మనకి కావలసిందీ కొలతే. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, దేనితో, ఎన్నిసార్లు, ఒంటి మీద ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు.

ఆ కొలత మన తెలుగులో తేలిగ్గా దొరకదు. మన భాషకి మర్యాద ఎక్కువ. "చెయ్యి చేసుకున్నాడు" అంటాం. వినడానికి ఎంత మెత్తగా ఉందో చూడండి. వంట చేసుకున్నాడు అన్నట్టు. "నాలుగు తగిలించాడు" అంటాం. ఇక అన్నిటికంటే పెద్దది "గొడవ". ఆఫీసు రిజిస్టర్లు తిరగేస్తే పేజీకి పదిసార్లు కనపడుతుంది. "భార్యాభర్తల మధ్య గొడవ జరిగినది." ఎవరు ఎవర్ని కొట్టారు? ఆ వాక్యంలో లేదు. ఇద్దరూ కలిసి ఏదో పేకాట ఆడినట్టుంది. చపాతీ కర్రతో ఎడమ మోచేతి మీద మూడుసార్లు కొట్టాడు అని ఆమె చెప్తుంది. మనం "గొడవ" అని రాస్తాం. ఆరు నెలల తర్వాత కోర్టులో ఆ కాగితం చదివినవాళ్లకి కర్రా కనపడదు, మోచెయ్యీ కనపడదు.

కాబట్టి ఆమె మాటల్లోనే రాయండి. ఆమె "మెడ పట్టుకున్నాడు" అంటే అదే రాసి, "అంటే ఎలా? చూపించమ్మా" అని అడిగి, చూపించింది కూడా రాయండి.

ఆ ఫారంలో దెబ్బలొక్కటే లేవు. తిట్లున్నాయి, లైంగిక హింస ఉంది, డబ్బుకి సంబంధించిన హింస ఉంది. ఈ చివరిదాన్ని మనవాళ్లు హింస కింద జమకట్టరు. ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంటుంది. ఆమె జీతం ఆమె చూడదు. బియ్యం డబ్బా అత్తగారి గదిలో, తాళం అత్తగారి కొంగున. ఒక్క దెబ్బ పడకపోయినా ఇది చట్టం దృష్టిలో హింసే. ఇంకో మాట కూడా. ఈ చట్టం భార్యలకి మాత్రమే కాదు. కొడుకు చేతిలో తన్నులు తినే తల్లికీ ఉంది, అన్న ఇంట్లోంచి గెంటేసిన చెల్లెలికీ ఉంది.

ఇప్పుడు శిక్షణలో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటి చెప్తాను. ఇందాక చెప్పిన సర్వేలోనే ఇంకో ప్రశ్న ఉంది. భార్యని కొట్టడం ఏ సందర్భంలోనైనా సమంజసమేనా అని. చెప్పకుండా బయటికెళ్తే, పిల్లల్ని సరిగా చూసుకోకపోతే, అత్తమామల్ని లెక్కచెయ్యకపోతే, వంట బాగా చెయ్యకపోతే... ఇలా ఏడు సందర్భాలిచ్చారు. ఏదో ఒకదానికి అవునన్న ఆడవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైనే. దేశంలో మనమే ముందు వరసలో ఉన్నాం. ఈ ముందు వరస మనకెందుకొచ్చిందో గానీ.

ఆ ఆడవాళ్లు వేరే ఎక్కడివాళ్లో కాదు. మన అంగన్‌వాడీ టీచర్లు, మన ఏఎన్ఎంలు, మనం. "ఎందుకు కొట్టాడు" అన్న ప్రశ్న మన నోటికి ఊరికే రాలేదు. కొట్టడానికి న్యాయమైన కారణం ఒకటి ఉంటుందని లోపల ఎక్కడో నమ్ముతున్నాం కాబట్టి వచ్చింది. సెక్షన్లు బట్టీ పట్టిస్తే ఈ నమ్మకం పోదు.

రెండో సంగతి ఇంకా సున్నితమైంది. శిక్షణకి వచ్చిన ముప్పై మందిలో, సర్వే లెక్కన తొమ్మిదీ పదిమంది ఇళ్లలో ఇదే ఎప్పుడో ఒకప్పుడు జరిగి ఉంటుంది. నేను గోడ మీద హింస లక్షణాల బొమ్మలు వేసి చూపిస్తుంటే, వెనక వరసలో ఒకావిడ కొంగు భుజం మీదుగా లాక్కుంటుంది. ఎండాకాలంలో నిండుచేతుల జాకెట్ వేసుకొచ్చినావిడ కిటికీలోంచి బయటికి చూస్తుంది. శిక్షణ ఇచ్చేవాళ్లు వీళ్లని చూడాలి. అందరిముందూ పలకరించకూడదు. మొదట్లోనే ఒక మాట చెప్పాలి. "ఎవరికైనా బరువనిపిస్తే లేచి బయటికి వెళ్లొచ్చు, కారణం చెప్పక్కర్లేదు." మధ్యాహ్నం దాకా నేను హాల్లోనే ఉంటాను, భోజనం దగ్గర ఒక్కదాన్నే కూర్చుంటాను అని కూడా చెప్తాను. ప్రతిసారీ ఎవరో ఒకరు పళ్లెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంటారు. "మా చెల్లెలి సంగతి మేడమ్" అని మొదలుపెడతారు. చెల్లెలో, అక్కో, తనో. నేను అడగను.

ముంబైలో బాంద్రాలో ఒక మునిసిపల్ ఆస్పత్రి ఉంది, భాభా ఆస్పత్రి. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ దిలాసా అని ఒక విభాగం మొదలైంది. మునిసిపల్ కార్పొరేషన్, సెహత్ అనే సంస్థ కలిసి పెట్టాయి. వాళ్లు బయటినుంచి పెద్దపెద్దవాళ్లని తెచ్చి కూర్చోబెట్టి వదిలెయ్యలేదు. ఆ ఆస్పత్రి నర్సులకీ డాక్టర్లకీ నేర్పించి, వాళ్లచేతే మిగతావాళ్లకి నేర్పించారు. దెబ్బకి కట్టు కట్టే చేతులే కదా ముందు చూసేవి. "మెట్ల మీద పడ్డాను" అన్నప్పుడు, ఈ దెబ్బ మెట్ల మీద పడితే తగిలేది కాదని తెలిసేది ఆ నర్సుకే.

అయితే కనిపించిన ప్రతి ఆడమనిషినీ మీ ఆయన కొడతాడా అని అడగమని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013 మార్గదర్శకాల్లో అలా అందర్నీ అడగొద్దనే చెప్పింది. ఆనవాళ్లు కనిపించినప్పుడు, చాటుగా, అడగడం నేర్చుకున్నవాళ్లే అడగాలి. చాటు లేకపోతే అడగొద్దు. ఇంకో రోజు అడుగుదాం.

చాటు అంటే ఏమిటో కాస్త ఆగి చెప్తాను. ఎందుకంటే మంచి మనసుతో చేసే తప్పులన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆమె చేతిలో కరపత్రం పెట్టి పంపుతాం. అది పరుపు కింద దొరుకుతుంది, ఆమెకి కాదు, ఆయనకి. ఫోన్ చేస్తాం. ఎత్తేది అత్తగారు. "సఖి కేంద్రం నుంచి మాట్లాడుతున్నామండీ" అంటాం. అంతే, అయిపోయింది. అందుకే ఆమె వెళ్లేముందే అడిగి పెట్టుకోవాలి. "ఏ వేళప్పుడు ఫోన్ చేస్తే మాట్లాడగలవు? వేరేవాళ్లు ఎత్తితే నేనెవరని చెప్పమంటావు?" ఒకామె నాకు చెప్పింది, "డ్వాక్రా మీటింగని చెప్పండి మేడమ్, విసుక్కుని ఫోను నాకిచ్చేస్తారు" అని. ఏం చెప్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో బతుకుతున్నది ఆమె. మనం ఆమె దగ్గర నేర్చుకోవాలి.

నియమాల్లో ఐదో ఫారం అని ఒకటుంది. భద్రతా ప్రణాళిక. పేరు పెద్దది, పని చిన్నది. మళ్లీ జరిగితే ఏం చెయ్యాలో ముందే అనుకోవడం. గొడ్డలి, కత్తిపీట ఉన్నవైపు కాకుండా వీధి తలుపు వైపు జరగడం. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, రోజూ వేసుకునే మందులు, బస్సు ఛార్జీ డబ్బులు. ఇవన్నీ ఒక పాత చీరలో కట్టి నమ్మకమైన ఇంట్లో దాచుకోవడం. పక్కింటావిడతో ఒక మాట అనుకుని పెట్టుకోవడం. పాప వచ్చి "పెరుగు తోడు ఉందా పిన్నీ" అని అడిగిందంటే ఈవిడ 112కి ఫోన్ చెయ్యాలి. ఆ పిల్లకి అసలు సంగతి తెలియక్కర్లేదు.

వెనక ఎవరున్నారో కూడా తెలిసి ఉండాలి, త్వరగా చెప్తాను. మహిళల హెల్ప్‌లైన్ 181. ఒకటి, ఎనిమిది, ఒకటి. అప్పటికప్పుడు పోలీసు కావాలంటే 112. సఖి వన్ స్టాప్ కేంద్రంలో ఐదు రోజుల దాకా తలదాచుకోవచ్చు. వైద్యం, లాయరు సలహా అక్కడినుంచే చూస్తారు. ఉచిత న్యాయసహాయానికి 15100. రక్షణ అధికారి ద్వారా గానీ, నేరుగా గానీ మెజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా. ఇంకోటి కూడా. హింస జరుగుతోందని నమ్మకమైన కారణం ఉంటే ఎవరైనా రక్షణ అధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు రాదు. అది నాలుగో సెక్షన్. అయితే చెప్పేముందు ఆమెని అడగండి. అడక్కుండా చేసిన సాయం కూడా ఒక్కోసారి స్విచ్చే.

రక్షణ అధికారుల గురించి ఒక్క మాట. 2025 మేలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది, జిల్లాల్లోనూ తాలూకాల్లోనూ ఈ అధికారుల్ని గుర్తించి నియమించండని. మంచిదే. కానీ చాలాచోట్ల ఇది ఉన్న ఉద్యోగం మీద పడే అదనపు బాధ్యత. పది ఫైళ్ల మీద పదకొండోది. దానికి ఒకరోజు శిక్షణ. పొద్దున జ్యోతి వెలిగించడం, మధ్యాహ్నం దాకా సెక్షన్లు, సాయంత్రం గ్రూప్ ఫోటో. నేను కూడా అలాంటి ఫోటోల్లో ఉన్నాను లెండి. నా మటుకు నేను సగం రోజు నాటకాలకే ఇవ్వమంటాను. ఈత పుస్తకంలో రాదు. నీళ్లలో దిగాలి, రెండు గుక్కలు మింగాలి. ఆ "కూర వేడి చేసి పెట్టొచ్చు కదమ్మా" అన్నావిడ ఆ ఒక్క వాక్యంతో నేర్చుకున్నంత నా ఉపన్యాసంతో నేర్చుకోలేదు.

ఆవిడ సంగతే చెప్పి ఆపుతాను. నాకిచ్చిన సమయం కూడా దగ్గరపడింది.

ఆ రోజు సాయంత్రం అందరూ సంతకాలు పెట్టి వెళ్లిపోతున్నారు. ఆవిడ మాత్రం బ్యాగు భుజాన వేసుకుని నా దగ్గరే నిలబడింది. ఆవిడ అంగన్‌వాడీ టీచరు.

"మేడమ్, మా వీధిలో ఒకమ్మాయి ఉంది. రేపు పాపని తూకానికి తీసుకొస్తుంది. నాలుగు నెలలుగా చూస్తున్నాను. అడుగుదామనుకుంటున్నాను. తలుపు వేసి అడగనా, తీసి అడగనా?"

"తలుపు వేస్తే వీధిలో వాళ్లకి అనుమానం వస్తుంది. తీసే ఉంచండి. రోజూ ఎలా ఉంటుందో అలాగే. తూకం రాసుకుంటూ మామూలుగా అడగండి" అన్నాను.

"ఏమని అడగను?"

"మీరే చెప్పండి."

కాసేపు ఆలోచించింది. "ఇంటి దగ్గర నీకు భయంగా ఉంటోందా అమ్మా, అని అడుగుతాను. చెప్తే వింటాను. చెప్పకపోతే వచ్చే నెల మళ్లీ తూకం ఉంటుంది కదా."

"పాపకి ఎన్నేళ్లు?" అన్నాను.

"మూడు నిండాయి."

"మాటలొచ్చాయా?"

"అయ్యో, గలగలా మాట్లాడుతుంది మేడమ్! విన్నదల్లా అప్పజెప్తుంది..." అంటూనే ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. "అయితే తూకం అవ్వగానే పాపని ఆయమ్మకిచ్చి బయట ఆడించమంటాను. అప్పుడు అడుగుతాను."

బస్సు వచ్చిందని ఎవరో కేకేశారు. ఆవిడ పరుగెత్తింది.